నల్ల మెడ గిటార్

జూన్ 4

చెక్కపురుగు మరిదికి,

వదిన రాస్తోంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నీతో ఫోన్‌లో మాట్లాడితే సగం సేపు నువ్వు ఉప్పుకాగితం రుద్దుతున్న చప్పుడే వినిపిస్తుంది. ఉత్తరమైతే చేతిలో పని పక్కన పెట్టి చదువుతావు. పైగా నీతో తీరిగ్గా పోట్లాడాలని ఉంది.

ముందు ఇంటి కబుర్లు. మీ అన్నయ్య కులాసా. నాటకం సెట్లు మోసే లారీకి కొత్త హారన్ పెట్టించాడు. అది వినిపించడానికి అవసరం లేని సందుల్లోంచి కూడా తిరిగొస్తున్నాడు. గాజు గ్లాసులన్నీ ఒక్కొక్కటే నా చేతిలోంచి జారి ముక్కలయ్యాయి, అందుకని స్టీలువి కొన్నాడు. "ఇవి పడేసినా మోగుతాయి, నీ వృత్తికి సరిపోతాయి" అంటాడు. అన్నకి తగ్గ తమ్ముడివి నువ్వు, ఇద్దరికీ నోరే.

ఇక అసలు సంగతి. నా బేస్ గిటార్‌లో తేడా వచ్చింది. ఎగిరి గంతెయ్యకు, పూర్తిగా చదువు.

కొన్నప్పటి నుంచి నీ గిటార్ల కొట్టు గడప తొక్కాల్సిన అవసరం దానికి రాలేదు. ఒళ్లు చెక్కే అయినా మెడ గ్రాఫైట్, నువ్వు బొగ్గు అని వెక్కిరించేది. నల్లగా, నున్నగా, పట్టుకుంటే చల్లగా ఉంటుంది. చలికి బిగుసుకుపోయిన లారీలోంచి దించి దీపాల వేడికి ఉడికిపోయే హాల్లోకి తెచ్చినా శృతి వెంట్రుకవాసి కదలదు. మా నాటకాల్లో గిటార్ వాయించే ఆయన తన చెక్క మెడతో ప్రతి పాటకీ ముందు చెవి ఆనించి మరలు తిప్పుకుంటూ ఉంటాడు. నేను కాళ్లు చాపుకుని ఆయన అవస్థ చూస్తుంటాను. చెక్క మెడల్లో ఎక్కడో ఒక చోట స్వరం మీటగానే చచ్చిపోతుందని నువ్వే చెప్పావు. దీనిలో ఆ చివర నుంచి ఈ చివరకి అలాంటి చోటే లేదు. ఎక్కడ మీటినా నిండుగా మోగి, నేను ఆపేదాకా మోగుతుంది.

అలాంటిది ఈమధ్య మెడ మొదట్లో, మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గర, మీ అన్నయ్య లోహపు మెట్లంటాడే వాటి దగ్గర, లావు తీగ బుర్రుమంటోంది. మిగతా చోట్ల బాగానే ఉంది. నా ప్రాణం ఉసూరుమంది.

సెప్టెంబర్‌లో కొత్త నాటకం. మా బెత్తం మాస్టారు, అదే, పుల్ల ఊపుతూ మా అందరినీ నడిపించే ఆయన, దానికి సంగీతం కట్టాడు. తెర లేవకముందు, చీకట్లో బేస్ ఒక్కటే మోగాలట. "ఇది మీ కోసమే రాశానమ్మా" అన్నాడు. అలా అన్నాడో లేదో, కీబోర్డు అమ్మాయి ఆ ముక్క తన ఎడంచేత్తో వాయించి చూపించింది. బాగానే వాయించింది, పాపిష్టిది. ఈ బుర్రుమనే శబ్దం పోకపోతే ఆ చోటు ఆ పిల్లదే.

మెడ వంగిందేమో, ఏం చెయ్యాలో చెప్పు. నవ్వకు.

నీ వదిన

*

జూన్ 13

వదిన గారి సమక్షానికి,

నవ్వొద్దన్నారు కాబట్టి కొట్టు మూసి, లోపలి గదిలోకెళ్లి నవ్వాను. మీ బొగ్గుకాడకి కూడా జబ్బు చేస్తుందన్నమాట!

కంగారు పడకండి. మొదటి ఫ్రెట్లలోనే బుర్రుమంటోందంటే మెడ వెనక్కి వాలి ఉంటుంది. చెక్క మెడ లోపల పొడుగునా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. తల దగ్గరున్న చిన్న మూత విప్పితే దాని మర కనిపిస్తుంది. మర తిప్పే చిన్న చెవితో కాస్త వదులు చేస్తే తీగలు మెడని ముందుకి లాక్కుంటాయి, రొద పోతుంది. మీదాన్లో ఆ మర ఎక్కడ పెట్టారో వెతకండి.

నా దగ్గరికొచ్చే చెక్క మెడలు వానాకాలంలో ఒకలా, ఎండల్లో ఒకలా ఉంటాయి. చెక్క గాలి పీలుస్తుంది వదినా, బతికున్న వస్తువులా ఉంటుంది. అందుకే నాకు నాలుగు మెతుకులు దొరుకుతున్నాయి. అందరూ మీలా బొగ్గు కొనుక్కుంటే నేనేం కావాలి?

అన్నయ్యకి చెప్పండి, హారన్ ఇక్కడికి వినిపిస్తోందని.

మీ మరిది

*

జూన్ 22

మరిదికి,

మూత లేదు, మర లేదు, కడ్డీ లేదు. మీ అన్నయ్య బోల్టు లేని వస్తువు లోకంలో ఉండదని పందెం కాసి, టార్చి లైటు వేసి, నేల మీద పడుకుని మరీ వెతికాడు. మెడని ఒంటికి బిగించిన నాలుగు స్క్రూలు తప్ప ఏమీ దొరకలేదు. పందెం ప్రకారం వారం రోజులు హారన్ కొట్టకూడదు. కొడుతున్నాడు.

చెక్క బతికున్న వస్తువు అన్నావు. అంటే నాది శవం అనేగా? ఇన్నేళ్లుగా నాకు తిండి పెట్టిన వాయిద్యం అది. దాన్ని చూస్తే నీకు మొదటి నుంచీ కడుపుమంట. నీ దగ్గర కొనకుండా పైవాళ్ల దగ్గర కొన్నానని. వేదిక ముందు వాయిద్యాల వాళ్ల గోతిలో కూర్చుని తొమ్మిదిమంది దగ్గులూ తుమ్ములూ నేను పీలుస్తున్నాను చాలదా, గిటార్ కూడా గాలి పీల్చాలా?

బుర్రుమనే శబ్దం పెరిగింది. వెక్కిరింపులు చాలించి వైద్యం చెప్పు.

వదిన

*

జూలై 1

వదిన గారికి,

శవం అనలేదండీ బాబూ. సరదాకన్న మాటకి ఇంత కోపమా! లెంపలేసుకుంటున్నాను.

కడ్డీ లేని రకమైతే ఆ మెడని కదిలించగలిగేవి తీగలే. లావు తీగలు వేస్తే లాగుడు ఎక్కువై, వెనక్కి వాలిన మెడ కాస్త ముందుకొస్తుంది. ఈ పార్శిల్‌లో ఉన్నవి నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా లావువి. బిగించి ఒక పూట అలా వదిలేసి వాయించండి. మోత పోకపోతే నా పేరు మార్చుకుంటాను.

తప్పొప్పులు మన్నించే వదినగా ఉండండి.

మరిది

*

జూలై 14

మరిదికి,

కొత్త పేరు ఆలోచించుకో.

నీ తీగలు కావు, లంగరు తాళ్లు. బిగించాక మోత ఇంకా పెరిగింది. సాధన అయ్యేసరికి ఎడంచెయ్యి మోచేతి దాకా లాగేస్తోంది. మొన్న బెత్తం మాస్టారు పుల్ల దించి, నా వైపు చూసి, మళ్లీ ఎత్తాడు. తిట్టినా బాగుండేది. ఆ అమ్మాయి తల వంచుకుని కాగితాలు సర్దుకుంది. నాకు గోతిలో ఇంకో గొయ్యి తవ్వుకుని దూకాలనిపించింది.

నిజం చెప్పనా, ఏడ్చాను. వస్తువు పాడైందని ఏడిచేదాన్ని కాదు నేను. కానీ దీన్ని నమ్మినంతగా నేను మీ అన్నయ్యని కూడా నమ్మలేదు. ఎంత చలి, ఎంత ఎండ, ఎన్ని ఊళ్లు, ఎంతమంది చేతకాని వాళ్లు దీన్ని లారీలోకి విసిరారు! ఏనాడూ మాట తప్పలేదు.

సరే, నువ్వే గెలిచావు. దీని ఒంటికి సరిపోయే చెక్క మెడ ఒకటి చేసి తగిలించు. హాలుకి రంగులు వేస్తున్నారు, సాధన కొన్నాళ్లు లేదు. మీ అన్నయ్య అటు వచ్చే బండి మీద గిటార్ తెస్తున్నాడు. జాగ్రత్తగా దించుకో. దాని ముందు బొగ్గుకాడ అని మాత్రం అనకు.

వదిన

*

ఆగస్టు 2

వదిన గారికి నమస్కారాలు.

ఒక దొంగతనం ఒప్పుకోవాలి. మీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే, మీరు అడక్కుండానే, మీ కోసం చెక్క మెడ మొదలుపెట్టాను. ఎన్నాళ్లుగానో దాచుకున్న చెక్క. చిత్రిక పట్టి, గుండ్రం తీసి, అరచెయ్యి ఆనిస్తే వదలబుద్ధి కాకుండా చేశాను. మీరు చెక్క మెడ అడిగిన ఉత్తరం చదివి, నిజం చెప్తున్నాను, ఈల వేశాను. అన్నయ్య గిటార్ తెచ్చేసరికి అది గోడకి వేలాడుతోంది. తీసి చూద్దును కదా, ఈ ముసురుకి కాస్త వంగి ఒళ్లు విరుచుకుంది!

మీ మెడ విప్పేముందు, ఎంత వంగిందో చూద్దామని ఇనప బద్ద ఆనించాను. బద్దకీ ఫ్రెట్లకీ మధ్య ఎక్కడ ఎంత ఖాళీ ఉండాలో అంతే ఉంది. బద్ద తప్పేమోనని ఇంకోటి తెచ్చాను. తర్వాత తీగనే బిగదీసి చూశాను. వదినా, ఇన్నేళ్ల వాయిద్యంలో ఇంత తిన్నని మెడ నేను చూడలేదు. నేను చేసిన వాటిలో లేదు. నాకు పని నేర్పిన ఆయన చేసిన వాటిలో కూడా లేదు.

మెడ పై పలక మీద పగులు లేదు. నూనె రాయక్కర్లేదు, తడిగుడ్డతో తుడిస్తే కొత్తదానిలా మెరిసింది. ఫ్రెట్లు మీ వేళ్లు నిలిచే చోట కాస్త అరిగాయి, అంతే. కిటికీ దగ్గర తడిగాలిలో పెట్టాను, దీపం పక్కన పెట్టాను. శృతి కదల్లేదు. మూడు నాలుగు ఫ్రెట్ల దగ్గర నొక్కి మీటినా బుర్రుమనలేదు. నొక్కకుండా వట్టి తీగ ఒకటి మీటి, లేచి వెళ్లి, టీ కాచుకునే గిన్నె పొయ్యి మీద పెట్టి వచ్చాను. ఇంకా మోగుతోంది. స్టూలు మీద కూర్చుని అది ఆగేదాకా విన్నాను. ఇంత మంచి వస్తువుని ఇన్నాళ్లూ బొగ్గు అన్నాను.

మెడ మార్చలేదు. ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నాను.

మీ ఒంట్లో ఎలా ఉంది? అన్నయ్య కొన్న స్టీలు గ్లాసులు బాగున్నాయా?

మీ మరిది

*

ఆగస్టు 8

మరిదికి,

నీ ఉత్తరం చదువుతూ మొదట మురిసిపోయాను. ఎన్నేళ్లకి నీ నోట దీని మెచ్చుకోలు! మీ అన్నయ్యకి వినిపిద్దామని రెండోసారి పైకి చదువుతూ మధ్యలో ఆపి, వెనక్కెళ్లి మళ్లీ చదివాను. మెడ తిన్నగా ఉంది, తీగలు బాగున్నాయి, నువ్వు వాయిస్తే మోత రాలేదు. మోత ఎక్కణ్ణించి వస్తోందో మాత్రం నువ్వు రాయలేదు. నా చేతిలోంచి జారే గ్లాసుల గురించి అడిగావు.

మీ అన్నయ్య అంతా విన్నాడు. నా ఎడంచెయ్యి తీసుకుని, ఉంగరం వేలూ చిటికెన వేలూ పట్టుకుని, "నొక్కు" అన్నాడు. నొక్కాను. "నొక్కవే" అన్నాడు మళ్లీ. అప్పటికే నొక్కుతున్నాను.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. మోచేతి దగ్గర నరం ఒకటి నొక్కుకుపోయిందట. ఆ రెండు వేళ్లకీ బలం వెళ్లేది దాని మీదుగానే. చిన్న ఆపరేషన్ చేసి నరాన్ని వదులు చెయ్యాలి. బలం వస్తుందా అంటే, "వస్తుంది, ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేను" అంది. మంచిమనిషి, అబద్ధం చెప్పలేదు.

మూడో ఫ్రెట్ మీదా నాలుగో ఫ్రెట్ మీదా ఎప్పుడూ ఆ రెండు వేళ్లే వేస్తాను. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడు. వాయిద్యం చెడిపోవడమే నాకు తోచింది గాని, నేను చెడిపోవడం తోచలేదు. చెక్క మెడ అయ్యుంటే వానల మీదో ఎండల మీదో తోసేసి ఇంకో ఏడాది గడిపేసేదాన్ని. ఇది ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

గిటార్ నీ దగ్గరే ఉంచు. మాస్టారికి చెప్పేస్తాను. ఆ అమ్మాయి వాయిస్తుంది.

వదిన

*

ఆగస్టు 13

వదినా,

చెప్పకండి. ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఆగండి.

ఆ రోజు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మెడని పొగిడితే మీకు అర్థమవుతుందనీ అనుకున్నాను, కాకూడదనీ అనుకున్నాను. అన్నయ్యకైనా చెప్పాల్సింది. పైగా లావు తీగలు పంపి, నొప్పెట్టే చేత్తో ఇంకా బరువు మోయించాను. ఆ తీగలు విప్పి చుట్ట చుట్టి బయట పారేశాను.

ఇప్పుడు చెప్పేది బాగా వినండి. సన్నటి తీగలు వేసి, అవి ఫ్రెట్లకి తాకీ తాకనట్టు కిందికి దించితే, నొక్కే పని సగానికి సగం తగ్గుతుంది. చెక్క మెడకి ఇలా చెయ్యను. ఇవాళ దించితే ఎల్లుండి గాలి మారగానే మెడ కదిలి అన్నిచోట్లా బుర్రుమంటుంది. మీ మెడ కదలదు. ఒక్కసారి ఒప్పిస్తే ఆ మాట మీదే ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. సన్నటి తీగలు సరిగ్గా లాగవు, అందుకని మెడ పిసరంత వెనక్కి నిలబడుతుంది. తిప్పడానికి కడ్డీ లేదు. దాన్ని వంచలేను కాబట్టి ఫ్రెట్ల తలల్నే ఆకురాయితో రుద్ది, ఆ తీగలకి సరిపడేలా సమం చెయ్యాలి. రుద్దిన లోహం తిరిగి రాదు. ఇంతవరకూ ఎవరి ఆకురాయీ తగలని వాయిద్యం ఇది. మీరు ఊ అంటేనే ముట్టుకుంటాను.

నాటకం మొదలయ్యేదాకా ఆపరేషన్ ఆగొచ్చో లేదో డాక్టరమ్మని అడగండి. మీరే అడగండి, అన్నయ్య అడిగితే తనకి అనుకూలంగా విని వస్తాడు.

మీ మరిది

*

ఆగస్టు 18

ఆగొచ్చంది, నెల దాటకూడదంది.

రుద్దు.

వదిన

*

ఆగస్టు 29

వదిన గారికి,

గిటార్ అన్నయ్య చేతికిచ్చాను. ఒళ్లో పెట్టుకుని లారీ తోలకుండా చూడమని క్లీనర్‌కి చెప్పాను.

కొత్తగా పని నేర్చుకునే వాడిలా ఫ్రెట్ల తలలకి నల్ల సిరా పూసి, ఒక్కో రుద్దుకీ ఆగి, సిరా ఎక్కడ పోయిందో చూసుకుంటూ పోయాను. మొదటి నాలుగు ఫ్రెట్లకే పొద్దంతా పట్టింది. తర్వాత వేలు తీగ మీద ఊరికే ఆనించి, నొక్కకుండా, దాని బరువుకే స్వరం పలికేదాకా దించాను. అంతకన్నా దించితే తీగ ఫ్రెట్ల మీద పడుకుంటుంది. ఇంత కిందికి దించి శుభ్రంగా మోగిన వాయిద్యం నా కొట్టులోంచి ఇంతవరకూ బయటికి వెళ్లలేదు.

కుడిచేత్తో గట్టిగా మీటకండి. గట్టిగా మీటితే అరుస్తుంది. మెల్లగా మీటి, పెద్ద చప్పుడు పని పెట్టెకి వదిలెయ్యండి, స్పీకర్లున్నది అందుకేగా. మీకు తెలియదని కాదు, భయం కొద్దీ రాస్తున్నాను.

టికెట్ పంపొద్దు. వచ్చి వింటే నాకు గుండె ఆగుతుంది.

మరిది

*

సెప్టెంబర్ 16

మరిదికి,

నువ్వు రాకపోవడమే మంచిదైంది. విను.

మొదటి రోజు హాలు నిండింది. దీపాలు ఆర్పారు. బెత్తం మాస్టారి పుల్ల చివర మాత్రం కనిపిస్తోంది. మొదలుపెట్టాను. నువ్వు చెప్పినట్టే మెల్లగా మీటాను, వేళ్లు ఊరికే ఆనించాను. మరిదీ, అది పలికింది! ఎక్కడా గరగర లేదు, జీర లేదు. వెనక వరుసలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. ఇన్నేళ్లలో నేను ఎన్నడూ అంత నెమ్మదిగా వాయించలేదు, అంత బాగానూ వాయించలేదు.

ఆఖర్న లావు తీగ మీద ఒక పొడుగు స్వరం, అది మోగుతుండగా తెర లేవాలి. మీటాను. తెర లేవలేదు. పైన తాడు ఎక్కడో చిక్కుకుంది. మాస్టారు పుల్ల పైకెత్తి అలాగే నిలబడిపోయాడు. మళ్లీ మీటితే లెక్క తప్పుతుంది, మిగతావాళ్లు అందుకుంటారు. వదిలేస్తే నిశ్శబ్దం. స్వరం మోగుతూనే ఉంది. నీ పొయ్యీ గిన్నే గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా. కానీ దాన్ని పట్టుకున్నది ఉంగరం వేలు. అది సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఎత్తానా, అయిపోయినట్టే. మధ్యవేలు కొంచెం కొంచెంగా జరిపి దాని పక్కన తోడు పెట్టాను. గిటార్ ఆగలేదు, నేనూ ఆగలేదు. చివరికి తాడు వదిలింది, తెర లేచింది. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. మాస్టారు గోతిలోంచే నా వైపు తిరిగి తల వంచాడు. రోజూ ఆ స్వరాన్ని అంతసేపూ ఉంచమన్నాడు. చంపుకు తింటున్నాడు.

నిన్నటితో నా వంతు అయిపోయింది. మాస్టారికి అంతా చెప్పాను. ఆ అమ్మాయి వచ్చి నా చెయ్యి చూపించమంది. వేళ్లు నొక్కి చూసి ఏడ్చేసింది. పాపిష్టిది అన్నందుకు నాకే సిగ్గేసింది. నేను వచ్చేదాకా వాయిస్తుంది. కుర్చీ నాదే, అద్దెకిచ్చాను.

గురువారం ఆపరేషన్. తర్వాత చాలా నెలలు వాయించకూడదు. గిటార్ మళ్లీ నీ దగ్గరికే పంపుతున్నాను. పెట్టెలో పెట్టి మూల పడెయ్యకు, రోజూ కాసేపు వాయించు.

ఇంకొక్క పని. ఆ సన్నటి తీగలు తీసేసి నా పాత రకం తీగలే వెయ్యి. తీగల అడుగు చివర ఆనే బ్రిడ్జి దగ్గర మరలు తిప్పి, తీగలు ఇదివరకటి ఎత్తుకి లేపి ఉంచు. ఆ ఎత్తుకే నేను తిరిగి రావాలి. రాలేకపోతే నీ కొట్టుకొచ్చి నేనే దించమని అడుగుతాను. అడిగేదాకా దించకు.

వదిన

*

సెప్టెంబర్ 27

వదిన గారికి,

ఆపరేషన్ బాగా జరిగిందని అన్నయ్య ఫోన్ చేశాడు. లారీ ఆసుపత్రి వాకిట్లో పెట్టి హారన్ కొట్టినందుకు నర్సు తిట్టిందని కూడా చెప్పాడు. ఈ ఉత్తరం ఆయన చేత చదివించుకోండి, చెయ్యి ఎత్తకండి.

చెప్పినట్టే చేశాను. పాత రకం తీగలు వేసి, ఇదివరకటి ఎత్తుకి లేపాను. పాత కొలత నా దగ్గర లేదు గాని, ఒంటి మీద బ్రిడ్జి మరల గుర్తులు పడి ఉన్నాయి, వాటిని బట్టి పెట్టాను. తర్వాత మీరు గిటార్‌తో పాటు పంపిన స్వరాల కాగితం ముందు పెట్టుకుని ఆ మొదటి ముక్క వాయించడానికి కూర్చున్నాను.

సగం కూడా కాలేదు వదినా, నా చెయ్యి పట్టేసింది. పొద్దస్తమానం చెక్క కోసే చెయ్యి నాది. మధ్యలో ఆపి, వేళ్లు విదిలించుకుని, మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ ఆగాను. దీన్ని మీరు పూటపూటా, నాటకం నాటకమంతా, కాళ్లు చాపుకుని కూర్చుని వాయించారు. ఆ రెండు వేళ్లు నీరసించాక కూడా వాయించారు. నేను మీ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఆ మెడ గురించే మాట్లాడాను, వెక్కిరించినా దాన్నే, పొగిడినా దాన్నే. ఆ చేతిని ఏనాడూ చూడలేదు.

రోజూ సాధన చేస్తున్నాను. దించలేదు. మీరు వచ్చేసరికి కనీసం సగం దాకా వాయిస్తాను, మిగతాది మీరు అందుకోండి.

మీ మరిది